విండెక్స్ 15 గాలి సూచీ: పాత ఓడల మాటలు తెలిసినవాళ్లకే పూర్తిగా అక్కరకొచ్చే పరికరం

తెరచాప పడవలో గాలి ఎటునుంచి వస్తోందో చూపే సాధనాలు చాలా ఉన్నాయి. వాటిలో మాస్టు, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభం, కొనమీద బిగించే విండెక్స్ అనే ఈ నల్ల బాణానిదే మొదటి స్థానం అంటాం. బ్యాటరీ, తీగలు, తెర ఏవీ అక్కర్లేదు. తల పైకెత్తితే చాలు, సమాధానం కనిపిస్తుంది. అయితే ఇది చెప్పేది ఒక్కటే సంగతి: పడవ ముక్కుకీ గాలికీ మధ్య కోణం ఎంత అని. ఆ కోణాలకు పేర్లు పెట్టి, ఏ కోణంలో ఏం చేయాలో తేల్చినవాళ్లు పాత తెరచాప ఓడల నావికులు. ఆ పేర్లు తెలియకపోతే బాణం కదలడం కనిపిస్తుంది గానీ చేతికి పని తోచదు. అందుకే ఈ సమీక్షలో పరికరం గురించి ఎంత ఉందో ఆ మాటల గురించీ అంతే ఉంది.

ముందు వస్తువు సంగతి. ఇది స్వీడన్‌లో తయారయ్యే సూచీ. బాణం పొడవు 15 అంగుళాలు, అంటే సుమారు 38 సెంటీమీటర్లు. పేరులో ఉన్న సంఖ్య అదే. చిన్న పడవలకు ఇదే వరుసలో 10 అంగుళాలది కూడా ఉంది. బాణం ఒక సూదిమొన మీద, నీలపురాయి బేరింగులో తిరుగుతుంది. దీనివల్ల చిరుగాలికి కూడా కదులుతుంది, గాలి దాదాపు పడిపోయినప్పుడు కూడా నమ్మదగ్గ దిక్కు చూపుతుంది. బాణం కింద వెనకవైపుకు రెండు చేతులు, వాటి చివర ఎర్రటి చదరపు బిళ్లలు. ఈ బిళ్లలే అసలు కీలకం. బాణం మొన ఎప్పుడూ గాలి వచ్చే వైపుకు తిరుగుతుంది, తోక దానికి ఎదురువైపు ఉంటుంది. తోక ఒక బిళ్ల మీదికి వచ్చిందంటే పడవ గాలికి ఎంత దగ్గరగా పోగలదో అంత దగ్గరగా పోతోందని గుర్తు.

గాలికి సంబంధించిన పాత మాటలు రెండు కుటుంబాలు. మొదటి కుటుంబానికి ఆధారం భూమి. ఉత్తరం గాలి, నైరుతి గాలి అంటాం. గాలి ఎటునుంచి వస్తే ఆ పేరు. గాలి గడియారపు ముల్లు తిరిగే వైపుకు మళ్లితే, ఉదాహరణకు దక్షిణం నుంచి నైరుతికి, వీర్ అయింది అంటారు. ఎదురు తిరిగితే బ్యాక్ అయింది అంటారు. రెండో కుటుంబానికి ఆధారం పడవ. గాలికి ఎగువ వైపు వెదర్ లేదా విండ్‌వార్డ్, దిగువ వైపు లీ. ముక్కుకు ఇటూ అటూ బౌ, సరిగ్గా పక్కన బీమ్, వెనక మూలల్లో క్వార్టర్, పూర్తిగా వెనక ఆస్టర్న్. మాస్టు మీది బాణానికి ఈ రెండో కుటుంబం మాత్రమే తెలుసు. దానికి ఉత్తరం తెలియదు. కొత్తవాళ్లు చాలామంది దాన్ని చూసి గాలి వీర్ అయిందా బ్యాక్ అయిందా అని తేల్చేస్తారు. దిక్సూచి కూడా చూడనిదే ఆ మాట చెప్పడానికి లేదు. పడవ పది డిగ్రీలు పక్కకు తిరిగినా, గాలి పది డిగ్రీలు మళ్లినా బాణం ఒకేలా కదులుతుంది.

పాత దిక్సూచి పళ్లెం మీద 32 పాయింట్లు ఉండేవి. ఒక్కో పాయింటు 11¼ డిగ్రీలు; ఎనిమిది పాయింట్లైతే 90 డిగ్రీలు, అంటే ముక్కు నుంచి బీమ్ దాకా. గాలి కోణాన్ని కూడా ఈ పాయింట్లలోనే చెప్పేవారు. చతురస్రపు తెరచాపలున్న పెద్ద ఓడ గాలికి ఆరు పాయింట్ల కంటే, అంటే 67½ డిగ్రీల కంటే దగ్గరగా పోలేకపోయేది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరగాలంటే దిశ 135 డిగ్రీలు మారాలి. పైగా లీవే, అంటే గాలి తాకిడికి ఓడ పక్కకు జారడం. ఇవన్నీ పోగా గంటల కొద్దీ శ్రమించి గాలికి ఎగువకు సంపాదించే దూరం చాలా తక్కువ. ఈనాటి మామూలు పడవ నాలుగు పాయింట్ల దాకా, అంటే 45 డిగ్రీలకు పోతుంది. లెక్క మారినా కొలత పోలేదు. ఓడల పక్క దీపాలు ముక్కు నుంచి బీమ్‌కు 22½ డిగ్రీల వెనక దాకా కనిపించాలని ఓడలు ఢీకొనకుండా చూసే 1972 నాటి అంతర్జాతీయ నియమాలు చెబుతున్నాయి. ఆ 22½ డిగ్రీలు పాత నావికుల 'బీమ్‌కు రెండు పాయింట్లు వెనక' తప్ప మరొకటి కాదు. ఆ కోణానికి ఇంకా వెనకనుంచి వచ్చే పడవ దాటివెళ్లే పడవ కింద లెక్క, తప్పుకోవలసిన బాధ్యత దానిదే.

ఇక బాణం అబద్ధం ఆడకుండానే తప్పుదారి పట్టించే చోటుకు వద్దాం. అది చూపేది అసలు గాలిని కాదు, పడవకు తగిలే గాలిని. గాలి లేని రోజు సైకిల్ తొక్కితే ముఖానికి గాలి తగిలినట్టే, పడవ వేగం కూడా గాలిలో కలుస్తుంది. లెక్క చూడండి. అసలు గాలి 10 నాట్లు (సముద్రం మీద వేగాన్ని నాట్లలో కొలుస్తారు), ముక్కుకు 45 డిగ్రీల్లో ఉంది, పడవ 5 నాట్లు పోతోంది. బాణానికి తగిలేది 14 నాట్లు, 30 డిగ్రీల్లో. అందుకే బిళ్లల చేతులను మధ్యగీతకు, అంటే పడవ ముక్కు నుంచి వెనక దాకా ఊహించుకునే గీతకు, ఇటు 30, అటు 30 డిగ్రీల్లో పెట్టుకోవడం మామూలు. అదే గాలి సరిగ్గా బీమ్ మీద ఉండి పడవ 6 నాట్లు పోతుంటే బాణం 59 డిగ్రీలు చూపుతుంది. గాలి క్వార్టర్ మీద, 135 డిగ్రీల్లో ఉంటే బాణం 99 దగ్గర నిలబడుతుంది, తగిలే వేగం 7 నాట్లకు పడిపోతుంది. అంటే బాణం బీమ్ మీద ఉందని మీరనుకుంటున్నప్పుడు నిజంగా గాలి వెనక మూల నుంచి వస్తూ ఉండవచ్చు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వెనకగాలితో హాయిగా పోతున్నారు. అసలు గాలి 15 నాట్లు, పడవ 6 నాట్లు, ఒంటికి తగిలేది 9. ఎండ వెచ్చగా ఉంది, తెరచాప మొత్తం విప్పి ఉంది. ఇప్పుడు గాలికి ఎదురుగా 45 డిగ్రీలకు తిప్పితే, పడవ వేగం 5కు తగ్గినా సరే, తగిలే గాలి ఒక్కసారిగా 19 నాట్లు అవుతుంది. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలు దాటుతుంది. తిరిగాక రీఫ్ వేద్దామనుకుంటే, అంటే తెరచాపను కొంత మడిచి చిన్నది చేద్దామనుకుంటే, అప్పటికే పడవ ఒరిగిపోయి, చుక్కాని మాట వినకుండా ముక్కును గాలి వైపుకు లాగుతూ ఉంటుంది. దీన్నే వెదర్ హెల్మ్ అంటారు. కొద్దిగా ఉంటే మంచిదే, చుక్కాని వదిలేస్తే పడవ తనంతట తాను గాలికి తిరిగి ఆగుతుంది. చేతులు నొప్పి పుట్టేంత ఉంటే మాత్రం తెరచాప ఎక్కువైందని అర్థం. రీఫ్ ఎప్పుడూ తిరగకముందే వేయాలి. వెనకగాలిలో బాణం దిక్కు చెబుతుంది గానీ బలం చెప్పదు, అది ఈ పరికరానికున్న మొదటి పరిమితి.

బాణం స్థానాలను పేర్లతో కలిపి చదవడం ఇలా. తోక బిళ్ల మీద ఉంటే క్లోజ్ హాల్డ్: తెరచాపలు దగ్గరకు లాగి, గాలికి వీలైనంత ఎగువకు పోవడం. తోక బిళ్లకు లోపలికి, మధ్యగీత వైపుకు పోతే పడవ గాలిని గిల్లుతోంది, అంటే వేగం చచ్చిపోతుంది. ముక్కును గాలికి దూరంగా తిప్పాలి, దీన్నే బేర్ అవే అంటారు. తోక బిళ్లకు బయట ఉంటే ల్యూఫ్ చేయవచ్చు, అంటే ముక్కును గాలి వైపుకు తేవచ్చు, లేదా అక్కడే ఉండి తెరచాపను కొంచెం వదలవచ్చు. బాణం అడ్డంగా ఉంటే బీమ్ రీచ్, ఇంకా వెనక్కి వెళితే బ్రాడ్ రీచ్. మొన పూర్తిగా వెనక్కి తిరిగి రెండు బిళ్లల మధ్యలో ఉంటే రన్నింగ్.

రన్నింగ్‌లోనే ఈ సూచీ తన ఖరీదును ఒక్క పూటలో రాబట్టుకుంటుంది. బూమ్, అంటే పెద్ద తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర, ఎడమవైపు ఉందనుకోండి. మొన మధ్యగీతను దాటి ఎడమవైపుకు, అంటే బూమ్ ఉన్న వైపుకు జరిగితే పడవ బై ది లీ నడుస్తోందని అర్థం. గాలి తెరచాప వెనక అంచును పట్టుకుని బూమ్‌ను అటునుంచి ఇటు విసిరేస్తుంది. తలలు పగిలేది, మాస్టు తాళ్లు తెగేది ఇక్కడే. మొనను ఎప్పుడూ బూమ్‌కు ఎదురువైపు 10 నుంచి 15 డిగ్రీలు ఉంచండి. అలలు వెనకనుంచి ఎత్తేస్తుంటే 20 ఉంచండి. పోయే దూరం కొంచెం పెరుగుతుంది, దాని గురించి విచారించవద్దు.

బిళ్లలను దేవుడి వాక్కులా చూడకండి. గాలి 20 నాట్లకు పెరిగి పడవ 6 నాట్ల దగ్గరే ఉంటే, అదే 45 డిగ్రీల అసలు కోణానికి బాణం 35 చూపుతుంది, తోక బిళ్ల బయట ఉంటుంది. 5 నాట్ల చిరుగాలిలో పడవ 3½ పోతుంటే 27 చూపుతుంది, తోక లోపల ఉంటుంది. రెండింటిలోనూ పడవ సరిగ్గానే పోతోంది. పందేల్లో చాలామంది పొరపడేది కూడా దీనివల్లే. గాలి ఒక్క క్షణం మందగిస్తే, దిక్కు మారకపోయినా, బాణం ముక్కు వైపుకు జరుగుతుంది. గాలి ఎదురు మళ్లిందనుకుని వెంటనే ట్యాక్ చేస్తారు, అంటే గాలి రెండో వైపు నుంచి తగిలేలా ముక్కును గాలిగుండా తిప్పుతారు, ఉన్న కాస్త వేగం పోగొట్టుకుంటారు. గాలి ఒక్కసారిగా పెరిగితే దీనికి వ్యతిరేకం, బాణం వెనక్కి జరిగి గాలి అనుకూలించినట్టు కనిపిస్తుంది. తెరచాప ముందు అంచు రెపరెపలాడని విధంగా పడవను నడుపుతూ దిక్సూచి మీద దిశ మారిందో లేదో చూడండి. స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద, అంటే గాలి కుడివైపు నుంచి తగులుతున్నప్పుడు, గాలి వీర్ అయితే మీకు లాభం, ముక్కును ఇంకా ఎగువకు తేగలరు. పోర్ట్ ట్యాక్ మీద, అంటే గాలి ఎడమవైపు నుంచి తగులుతున్నప్పుడు, వీర్ అయితే నష్టం, ట్యాక్ చేసే సమయం వచ్చిందన్నమాట.

దారి ఎవరు ఇవ్వాలో తేల్చడానికి కూడా ఈ మాటలే ఆధారం. అదే 1972 నియమాల్లో 12వ నియమం ప్రకారం, రెండు తెరచాప పడవలకు గాలి వేర్వేరు వైపుల నుంచి తగులుతుంటే, గాలి ఎడమవైపున ఉన్న పడవ తప్పుకోవాలి. రెండింటికీ ఒకే వైపున ఉంటే గాలికి ఎగువన ఉన్నది తప్పుకోవాలి. మీకు గాలి ఎడమవైపున ఉండి, ఎగువన కనిపించే పడవకు ఏ వైపున ఉందో తెలియకపోతే మీరే తప్పుకోవాలి. ఇక్కడ బాణాన్ని మాత్రమే నమ్మవద్దు. నియమం ప్రకారం గాలివైపు అంటే పెద్ద తెరచాప ఉన్న వైపుకు ఎదురు వైపు. వెనకగాలిలో బాణం అటూ ఇటూ ఊగుతుంటుంది, బూమ్ మాత్రం ఒకే వైపున ఉంటుంది. బూమ్ ఎడమవైపున ఉందంటే మీరు స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద ఉన్నట్టే.

పాత మాటల్లో అందరినీ తికమకపెట్టేది లీ. దీవికి లీ వైపు అంటే గాలికి దీవి అడ్డుపడే వైపు, నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, లంగరు వేసుకోవచ్చు. లీ షోర్ మాత్రం పడవకు గాలి దిగువన ఉన్న ఒడ్డు, గాలి మిమ్మల్ని దాని మీదికి నెట్టేస్తుంది. మొదటిదానిలో దీవి వైపు నుంచి చూస్తున్నాం, రెండోదానిలో పడవ నుంచి. పాత ఓడలవాళ్లు తుపానుకు భయపడినదానికంటే లీ షోర్‌కు ఎక్కువ భయపడ్డారు. 67½ డిగ్రీలకు మించి ఎగువకు పోలేని ఓడ ఒడ్డు వంపులో ఇరుక్కుంటే బయటపడే దారి ఉండదు మరి. లంగరు వేసి ఉన్నప్పుడు ఈ సూచీ మొన గాలి వైపుకు, తోక దిగువకు చూపుతుంది. తోక చూపే వైపు ఎంత దూరంలో ఒడ్డు ఉందో పడుకునేముందు ఒకసారి పటం మీద కొలవండి. రాత్రి గాలి మళ్లితే ఆ తోక ఎటు తిరుగుతుందో కూడా ఊహించుకోండి. పడవ ఆగి ఉన్నప్పుడు తగిలే గాలీ అసలు గాలీ ఒకటే కాబట్టి ఆ సమయంలో బాణం మాట పూర్తిగా నిజం.

బిగించే పని నేలమీద ఉండగానే మొదలవ్వాలి. బాణం ఇరుసును అడ్డంగా పట్టుకుని, బాణాన్ని నాలుగైదు స్థానాల్లో ఆపి వదలండి. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడితే తూకం సరిగ్గా ఉంది. ప్రతిసారీ ఒకే కొన కిందికి జారితే తోక వంగిందో, ముక్క ఊడిందో చూడాలి. తూకం తప్పిన బాణం పడవ నిటారుగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. పడవ 20 డిగ్రీలు ఒరిగాక గాలి మాట కాకుండా బరువు మాట చెబుతుంది. రేడియో ఏంటెనా, మాస్టు దీపం, గాలి వేగం కొలిచే గిన్నెలు ఇవన్నీ మాస్టు కొన మీదే చోటు కోసం పోటీ పడతాయి. బాణం చుట్టూ తిరిగే వలయానికి ఒక జానెడైనా ఖాళీ ఉండాలి, వీలైతే అన్నింటికంటే ఎత్తున ఉండాలి. ఏంటెనా కర్ర వెనక ఏర్పడే సుడిలో బాణం పడితే ఒక్క దిక్కు నుంచి గాలి వచ్చినప్పుడు మాత్రమే వణుకుతుంది. ఆ లోపం పట్టుకోవడం కష్టం. అల్యూమినియం మాస్టుకు స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు బిగించేటప్పుడు మధ్యలో ఇన్సులేటింగ్ పేస్టు పూయండి, లేదంటే ఉప్పునీటి తడికి అల్యూమినియం తినేసుకుపోతుంది, మరలు రావు.

బిళ్లల చేతులు మధ్యగీతకు సమానంగా ఉన్నాయో లేదో డెక్ మీద నుంచి చూసి సరిపెట్టాక నీటిలోనే అసలు పరీక్ష. అలలు లేని చోట, గాలి నిలకడగా ఉన్నప్పుడు, రెండు ట్యాక్‌ల మీదా తెరచాపలు ఒకేలా సర్ది క్లోజ్ హాల్డ్ నడపండి. తోక ఒకవైపు బిళ్ల మీదా, రెండో వైపు బిళ్లకు 6 డిగ్రీలు బయటా ఉంటే, ఆ తేడాలో సగం, 3 డిగ్రీలు మాత్రమే సూచీని తిప్పండి. వెంటనే మొత్తం సరిచేసేయడం తప్పు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి దిక్కు కొంచెం మారే రోజులు ఉంటాయి. అలాంటి రోజున సరిగ్గా బిగించిన సూచీ కూడా రెండు ట్యాక్‌ల మీద వేరుగా కనిపిస్తుంది. ఇంకో రోజు మళ్లీ చూసి, తేడా అలాగే ఉంటేనే నట్టు గట్టిగా బిగించండి.

ఇక దీని బలహీనతలు. పక్షులు వాలతాయి. పెద్ద పక్షి బరువుకు చేతులు వంగుతాయి, తోక విరుగుతుంది. పైన నిలువుగా ఒక సన్నటి ముల్లు ఉంటే చాలావరకు తప్పుతుంది, కాబట్టి ముల్లు లేకుండా బిగించవద్దు. మాస్టు దించేటప్పుడు సూచీని ముందే తీసెయ్యాలి. ఇవి ఎక్కువగా విరిగేది సముద్రంలో కాదు, ట్రైలర్ మీదే. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ప్రతి ఏడాదీ మాస్టు ఎక్కినప్పుడు తోక అంచులు తడిమి చూడాలి. బేరింగులో నూనె వేయకండి, నూనెకు ఉప్పూ దుమ్మూ పట్టి బాణం బిగుసుకుంటుంది. మంచినీళ్లతో కడిగితే చాలు. అలల్లో మాస్టు కొన అటూ ఇటూ విసురుగా ఊగుతుంది, ఆ ఊపు కూడా గాలిలో కలిసి బాణం ఊగిసలాడుతుంది. ఊపు రెండు అంచుల మధ్య బిందువును చదవాలి తప్ప ఏ ఒక్క క్షణాన్నీ కాదు. ఇంజిన్ వేసుకుని పోతున్నప్పుడు బాణం దాదాపు ఎప్పుడూ ముక్కువైపే చూపుతుంది, అప్పుడు దాన్ని చూసి తెరచాప ఎత్తాలా వద్దా అని నిర్ణయించడం కుదరదు. నీటిమీద చిన్న అలల వరస చూడాలి.

మెడనొప్పి మరో నిజమైన సమస్య. చుక్కాని దగ్గర పైన గుడారపు కప్పు ఉన్న పడవలో దీన్ని చూడడానికి కప్పులో ఒక పారదర్శక కిటికీ కావాలి, లేకపోతే కొనడమే దండగ. రాత్రిపూట బిళ్లల అడుగున ఉన్న మెరిసే పూత కింద నుంచి లైటు వేస్తే బాగా కనిపిస్తుంది. చీకటికి అలవాటుపడిన కళ్లు మాత్రం ఆ లైటుతో పాడవుతాయి, కాబట్టి మాటిమాటికీ వేయకండి.

ఎలక్ట్రానిక్ సూచీలతో పోల్చమని అడిగేవారు చాలామంది. అవి గాలి బలం చెబుతాయి, పడవ వేగం కలిపి అసలు గాలినీ లెక్కగడతాయి. ఆ రెండు పనులూ విండెక్స్ చేయలేదు. అయితే తెరమీద 32 అనే అంకె కనిపించినప్పుడు, అది ఏ వైపుదో, దానితో ఏం చేయాలో మనసులో మళ్లీ తర్జుమా చేసుకోవాలి. బాణాన్ని చూసినప్పుడు ఆ తర్జుమా అక్కర్లేదు. తోక బిళ్ల లోపలుందా బయటుందా, అంతే. దూర ప్రయాణాలు చేసే పడవకు రెండూ ఉండాలి, సందేహం లేదు. ఒక్కటే పెట్టుకోగలిగితే మేము బాణాన్నే ఎంచుకుంటాం.

దాని పక్కన ఖర్చులేని తోడు ఒకటి ఉంది. మాస్టును పక్కలకు కట్టే తీగలకు, కంటి ఎత్తులో, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్న సన్నటి రంగు నూలో, నైలాన్ పట్టీయో కట్టండి. నూలు తడిస్తే తీగకు అంటుకుపోతుంది, నైలాన్ మేలు. పాత ఓడల మీద ఈ పని చేసినది డాగ్‌వేన్: బెండు ముక్కలకు ఈకలు గుచ్చి, దారానికి కట్టి, చుక్కాని పట్టేవాడికి కనిపించేలా గాలివైపు అంచు మీద నిలబెట్టేవారు. మాస్టు కొన దగ్గర గాలి బలంగా ఉంటుంది కాబట్టి అక్కడ తగిలే కోణం కొంచెం పెద్దది. కింద నూలు చూపే కోణం కొంచెం చిన్నది. తెరచాప అడుగు భాగం కంటే పై భాగాన్ని కొంత వదులుగా మెలితిప్పి ఉంచడానికి ఒక కారణం ఇదే. పైన బాణం, కింద నూలు రెండూ చూస్తే ఆ మెలి ఎంత ఉండాలో కంటికే తెలుస్తుంది.

తరచూ బోల్తాపడే చిన్న పడవల్లో మాత్రం దీన్ని మాస్టు కొనకు పెట్టకండి. పడవ తలకిందులై మాస్టు బురదలో గుచ్చుకున్న మొదటిసారే బాణం పోతుంది. ఆ పడవలకు 10 అంగుళాల సూచీని మాస్టు ముందువైపు, బూమ్ ఎత్తుకు కాస్త పైన, చిన్న బ్రాకెట్టు మీద బిగించడం మంచిది.